సంఘమంతా ఉపవాసం, నా ఒక్కదానికే అన్నం

మా చర్చి సంఘంలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమంటే అందరూ లేచి రెండు ముక్కలు చెప్పి, కళ్ళు తుడుచుకుని కూర్చుంటారు. నాకు రెండు ముక్కలు చాలవు. నేను లేచి నిలబడ్డానంటే పాస్టరు అయ్యగారు గోడ గడియారం వైపు చూడటం మొదలుపెడతారు. అందుకే ఈసారి కూర్చుని కాగితం మీద రాస్తున్నాను. ఎంతసేపైనా రాయొచ్చు, ఆపేవాళ్ళు లేరు.

రాయడానికి కారణం ఉంది. మా సంఘానికి కొత్తగా కోడలై వచ్చిన ఒక పిల్ల పాట మధ్యలో కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోతుండగా చూశాను. దగ్గును దాచుకునే తీరు నాకు తెలియనిది కాదు. నిన్న దవాఖానకు నేనే తోడుండి తీసుకుపోయాను. నేననుకున్నదే అయింది. డాక్టరు చెప్పిందంతా తలవంచుకుని విని, బయటికొచ్చాక ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

"అక్కా, ఇగ నన్ను బల్లకు రానియ్యరా?"

ప్రాణం గురించి అడగలేదు, మొగుడి గురించి అడగలేదు. బల్ల గురించి అడిగింది. ప్రభువు బల్ల అంటే మాకు నెలకొకసారి వచ్చే పండుగ. అందరం వరుసగా మోకరించి రొట్టె ముక్క తింటాం, ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసం తాగుతాం. మాకు గిన్నె ఒక్కటే. ఒకరు తాగి ఇస్తే అయ్యగారు తెల్లగుడ్డతో అంచు తుడిచి పక్కవారికి ఇస్తారు. క్షయ వచ్చిన మనిషి తాగిన గిన్నె తర్వాత ఎవరు అందుకుంటారు? నన్నూ అప్పట్లో రోగం కన్నా ఎక్కువ పీక్కుతిన్నది ఆ ప్రశ్నే. దానికి నాకు జవాబు దొరికింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

1968, చెరకు బండ్ల కాలం

మా ఊరు బోధన్ పక్కనే. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలైందంటే నల్లటి నుసి మా బోర్లించిన గిన్నెల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. మా ఆయన దానియేలు చెరకు బండ్లను కాటా దగ్గర వరుసగా నిలబెట్టే పని చేసేవాడు. నేను మిషను బడిలో చిన్నపిల్లలకు అఆలు దిద్దించేదాన్ని. మాకు ఒక్కతే కూతురు రూతు. అప్పటికి ఇంకా ముద్దలు కలిపి నోట్లో పెడితేగాని తినేది కాదు. చర్చిలో పాట ఎత్తేది నేనే. నా గొంతు చూసుకుని నాకు గర్వం ఉండేది, లేదని ఎందుకు చెప్పాలి?

దగ్గు పట్టుకుంది. ఫ్యాక్టరీ నుసి అన్నాను. సుద్దముక్కల పొడి అన్నాను. పొద్దుగూకే వేళకు ఒళ్ళు కాలుతుంటే అలసట అన్నాను. రవికె వదులైతే, ఉతికి ఉతికి సాగిందన్నాను. ఇంట్లో నా మాటకు ఎదురు లేదు కాబట్టి మా ఆయన నమ్మాడు. క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్న రోజు మాత్రం నా తెలివితేటలు పనిచేయలేదు. పై చరణం ఎత్తబోయి దగ్గు తెరలో చిక్కుకున్నాను. కొంగు తీసి చూసుకుంటే ఎర్రగా ఉంది. నా పక్కనే కూర్చున్న సంతోషమ్మ గారు నాకంటే ముందే చూశారు.

సంతోషమ్మ గారంటే క్యాంపులో పెద్దావిడ. మా వైపు క్యాంపు అంటే, గుంటూరు దిక్కునుంచి వచ్చి భూములు కొని చెరకు వేసుకున్నవాళ్ళు ఇళ్ళు కట్టుకున్న చోటు. మా సంఘంలో సగం ఊరివాళ్ళం, సగం క్యాంపువాళ్ళు. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. మడత నలగని తెల్లచీర కట్టేవారు, మాట కూడా అంతే నిటారుగా ఉండేది. పాట బాగా వినిపిస్తుందని ఎప్పుడూ నా పక్కనే కూర్చునేవారు. ఆ రోజు మాత్రం చప్పున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అంత దూరం జరిగారు.

"రేపే నిజామాబాద్ వెళ్ళు. నుసీ లేదు, గిసీ లేదు. ఇదేంటో నాకు తెలుసు" అన్నారు.

అందరి ముందు అలా జరిగిపోయినందుకు నాకు ఒళ్ళు మండింది. మర్నాడు బస్సెక్కేదాకా ఆవిడను మనసులో తిడుతూనే ఉన్నాను.

నిజామాబాద్ పెద్ద దవాఖానలో ఛాతీ ఫోటో తీసే గది బయట పొడుగాటి బల్ల ఉంది. దాని మీద కూర్చున్నవాళ్ళెవరూ ఎవరి మొహం చూడరు. అందరి కళ్ళూ తలుపు మీదే. నేనూ అటే చూస్తూ కూర్చున్నాను. పక్కన బురఖాలో ఉన్న ముసలమ్మ నా చేయి పట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నా కొడుక్కు గిదే బీమారి ఉండె. ఇప్పుడు రిక్షా తొక్కుతున్నడు. నువ్వు సుత లేస్తవ్."

ఆమె పేరు అడగాలన్న తెలివి నాకు లేకపోయింది. లోపలికి పిలిచేదాకా ఆమె నా చేయి వదలలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ బల్ల మీద కూర్చున్నానో, అన్నిసార్లూ ఆమె కోసం వెతికాను.

డాక్టరు పెద్దాయన, మాట మెత్తన. "క్షయ అమ్మా. భయపడకు, గిప్పుడు మందులున్నయి. సూదులు మీ బోధన్ దవాఖానల రోజూ ఏయించుకోవాలె, గోలీలు మింగాలె. తినాలె. గుడ్లు, పాలు, పప్పు, ఏది దొరికితే గది కడుపునిండ తినాలె. తినుడే సగం మందు, యాది పెట్టుకో. పిల్లను మాత్రం కొన్ని నెలలు దూరం ఉంచు."

పిల్ల అనేసరికి మా ఆయన గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. నాకు మాత్రం, నిజం చెప్తున్నాను, కిందటి నెల ప్రభువు బల్ల కళ్ళముందుకు వచ్చింది. నా తర్వాత గిన్నె అందుకున్నది సంతోషమ్మ గారు.

1969 మొదట్లో

ఇంటి పక్క వసారాలో నాకు మంచం వేశారు. నా కంచం వేరు, చెంబు వేరు. బడి మానేశాను. రూతును ఎవరి దగ్గర పెట్టాలో తెలియలేదు. అమ్మ లేదు, అత్త లేదు. చుట్టాలందరూ వాకిట్లోనే నిలబడి ప్రార్థన చేసి, పిల్ల తల కూడా నిమరకుండా వెళ్ళిపోయేవారు.

ఒక పొద్దున సంతోషమ్మ గారు వచ్చి దడి అవతలే నిలబడ్డారు. ముక్కుకు కొంగు అలాగే ఉంది.

"ఎస్తేరూ, పిల్లని నాకివ్వు. నువ్వు బాగయ్యేదాకా నా దగ్గరుంటుంది."

నాకు మండిపోయింది. "ముక్కు మూసుకుని మా ఇంటి పిల్లను అడుగుతున్నరా?"

"ముక్కు మూసుకునైనా అడుగుతున్నాను కదా. మూసుకోకుండా అడిగినవాళ్ళుంటే చెప్పు, వెళ్ళిపోతాను."

చెప్పడానికి ఎవరూ లేరు. రూతు బట్టలు మూటగట్టి మా ఆయన దడి దగ్గరికి తీసుకుపోయాడు. ఆవిడ పిల్లను చంకనెత్తుకుని వెనక్కి తిరగకుండా నడిచిపోయారు. నేను మంచం పట్టె కొరికి ఏడ్చాను.

అదే నెలల్లో తెలంగాణ గొడవలు లేచాయి. బస్సులు ఆగిపోయేవి, బడులు మూసేసేవారు. ఎవరి బాధ వారికి నిజమే. చదువుకుని కొలువు దొరకని పిల్లలు మా ఇళ్ళలో ఉన్నారు. ఇంటిమీద రాళ్ళు పడతాయేమోనని తలుపులు బిగించుకున్న ఆడవాళ్ళు క్యాంపులో ఉన్నారు. గొడవ చర్చి గడప దాటి లోపలికీ వచ్చింది. మా ఆయనకు సొంత అన్న, యాకోబు బావ, ఊరివాళ్ళకు పెద్ద. మంచివాడే గాని నోరు ఆగదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యీ కాకముందే లేచాడు.

"మా జాగల మాకే పెద్దరికం లేదా? ప్రార్థన ఎప్పుడు పెట్టాలెనో, పాట ఏది పాడాలెనో అన్నీ క్యాంపోళ్లే చెప్పాల్నా?"

సంతోషమ్మ గారు కూర్చున్నచోటు నుంచే, "ఈ గోడలకు మట్టి మోసిన వాళ్ళలో మేమూ ఉన్నాం యాకోబు గారూ" అన్నారు.

అంతే. ఆ వారం నుంచి ఊరివాళ్ళు ఒక గోడవారగా, క్యాంపువాళ్ళు ఇంకో గోడవారగా కూర్చున్నారు. మధ్యలో చాపలు ఖాళీ. అయ్యగారు చెప్పి చూశారు, ఏడ్చి చూశారు. చివరికి గిన్నెను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశారు. "ఒకరి మొఖం ఒకరు సూడనోళ్లకు ఒక్క గిన్నె నేనెట్ల ఇయ్యాలె? సమాధానపడి రాండ్రి, అప్పుడు బల్ల పెడ్త" అన్నారు. ఇదంతా మా ఆయన వచ్చి చెబితే మంచం మీద పడుకుని విన్నాను. నేను ఎప్పటికి లేస్తానో తెలియదు, లేచినా పోవడానికి బల్లే లేకుండా పోయింది.

యాకోబు బావ ఊరికే ఉంటాడా? మా వాకిట్లోకొచ్చి తమ్ముడి మీద పడ్డాడు.

"మన పిల్ల క్యాంపోళ్ల ఇంట్ల ఉండుడేందిరా? రేపు నలుగురు నా మొఖం మీద ఉమ్మరా? పోయి తోల్కరా."

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. అన్నకు ఎదురు చెప్పే మనిషి కాదు. నేనే వసారాలోంచి కేకేశాను.

"బావా! తోల్కొచ్చి ఎవరింట్ల ఉంచమంటవ్? నీ ఇంట్ల ఉంచుకుంటవా? మా అక్కను అడిగొచ్చినవా?"

బావ భార్య నన్ను చూడటానికి వచ్చిన రోజు ఇంటికి పోయి తలస్నానం చేసిందని ఊరంతా తెలుసు. బావ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అయినా అన్యాయంగా చెప్పకూడదు, మర్నాడు పొద్దున్నే నన్ను సూదికి తీసుకుపోవడానికి ఎడ్లబండి కట్టుకుని వచ్చింది కూడా ఆయనే. మెత్తగా ఉండాలని బండిలో గడ్డి పరిచి దాని మీద తన దుప్పటి వేశాడు.

బోధన్ దవాఖాన ముందు రోడ్డుకు అవతల వేపచెట్టు ఉంది. ప్రతి శనివారం సంతోషమ్మ గారు రూతును తీసుకొచ్చి ఆ చెట్టు కింద నిలబెట్టేవారు. రోడ్డుకు ఇవతల నేను. మధ్యలో చెరకు బండ్లు పోతుండేవి. బండి పోగానే నా బిడ్డ చేయి ఊపేది. బుగ్గలు వచ్చాయి, తలకు నూనె, రెండు జడలు, జడలకు రిబ్బన్లు. బావ ఎడ్ల మెడలు గోకుతూ అటువైపు చూడనట్టు నటించేవాడు గాని, పిల్ల నవ్వితే ఆయన మీసాలు కదిలేవి.

1969 మే

ఇప్పుడు చెప్పబోయేది మా సంఘంవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పని.

సూదులు పడుతున్నా నేను పుంజుకోలేదు. మా వాళ్ళకు భయం వేసింది. ఊరివాళ్ళు యాకోబు బావ ఇంట్లో కూడి నా కోసం ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. అది తెలిసి క్యాంపువాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళు బుధవారం పెట్టుకున్నారు. రెండిళ్ళలోనూ ఎత్తింది నా పేరే, ఏడ్చింది నా కోసమే. కానీ ఒక చోట కూర్చుని ఏడవడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు.

బావ వచ్చి చెప్పాడు, "శుక్రవారం నీ కోసం అందరం పస్తులుంటున్నం ఎస్తేరూ. నీ పానం కోసం." నా కోసం ముసలీ ముతకా కడుపు మాడ్చుకుంటుంటే నేను అన్నం ఎలా ముట్టను? శుక్రవారం నేనూ పస్తున్నాను. సరే, బుధవారం క్యాంపువాళ్ళది. నా బిడ్డను సాకుతున్న ఇంట్లో నా కోసం పొయ్యి వెలిగించకపోతే, నేను తిని కూర్చుంటే ఏం బాగుంటుంది? ఊరివాళ్ళకు ఉపవాసమున్నదాన్ని క్యాంపువాళ్ళకు ఉండకపోతే మాటొస్తుంది. బుధవారమూ పస్తే. మా ఆయన పళ్ళెం పట్టుకుని బతిమాలాడు. "సగం ముద్ద తిను ఎస్తేరు, దేవుడేం అనడు." నేను వింటేగా!

ఆ చేదు గోలీలు ఖాళీ కడుపులో పడితే పేగులు మెలిపెట్టేవి. వారం వారం ఇంకా సన్నబడ్డాను. ఒక శనివారం, ఎండ నిప్పులు చెరుగుతుంటే, సూది వరుసలో నిలబడ్డాను. రోడ్డు అవతల రూతు చేయి ఊపడం కనిపించింది. నేనూ ఊపుదామని చేయి ఎత్తాను. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు.

కళ్ళు తెరిచేసరికి దవాఖాన వరండాలో బల్ల మీద ఉన్నాను. అక్కడి బోధన్ డాక్టరు నా నాడి పట్టుకుని ఉన్నాడు. ఒక పక్క యాకోబు బావ, చేతిలో ముల్లుగర్ర. ఇంకో పక్క, రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చిన సంతోషమ్మ గారు. రూతును నర్సు దూరంగా ఎత్తుకుని నిలబడింది.

"పొద్దున ఏం తిన్నవ్?" డాక్టరు అడిగాడు.

"చాయ తాగిన."

"నిన్న?"

నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. బావే చెప్పాడు. "నిన్న శుక్రవారం కద సార్. ఉపవాసం. ఈమె కోసమే."

"శుక్రవారమా?" సంతోషమ్మ గారు నా వైపు తిరిగారు. "బుధవారం కూడా తినలేదని చెప్పాడే దానియేలు! మరి రెండు రోజులూ మాడుతున్నావా?"

డాక్టరుకు విషయం అర్థమైంది. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"తినుడే సగం మందు అని నిజామాబాద్‌ల చెప్పిండ్రు, ఈడ నేను చెప్పిన. మీరిద్దరు కలిసి సగం మందు ఎత్తుకపోయిండ్రు. ఆయన పంతం ఒక దినం, మీ పంతం ఒక దినం. నడుమ ఈమె కడుపు. మీరు ప్రార్థన చేసుకోండ్రి, నేనొద్దన్ననా? గని ఈమె పస్తుంటే మాత్రం ఇగ నా దగ్గరికి తోల్కరాకుండ్రి."

వరండాలో రోగులందరూ మా వైపే చూస్తున్నారు. యాకోబు బావ లాంటి మనిషి తలపాగా తీసి చేతిలో నలిపేస్తున్నాడు. సంతోషమ్మ గారి దగ్గర రూతు కోసం తెచ్చిన పెరుగన్నం డబ్బా ఉంది. మూత తీశారు. ఒక చేత్తో నా తల లేపాలి, ఒక చేత్తో ముద్ద పెట్టాలి. కొంగు పట్టుకోవడానికి మూడో చేయి లేదు. కొంగు జారిపోయింది. ఎన్నో నెలల తర్వాత ఆవిడ మొహం దగ్గరగా చూశాను.

"మా ఆయన ఇదే జబ్బుతో పోయాడు ఎస్తేరూ. అప్పుడీ మందులు లేవు. ముద్ద పెడుతుంటేనే పోయాడు. నువ్వు తిను తల్లీ. నాకు మళ్ళీ ఆ రోజు చూపించకు."

నేను నోరు తెరిచాను. ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆవిడ తలెత్తకుండానే, "యాకోబు గారూ, ఆ నీళ్ళందుకోండి" అన్నారు.

బావ గబగబా కుండ దగ్గరికి పోయి చెంబు ముంచుకొచ్చాడు. "ఇగో అమ్మా."

నెలల తరబడి మాటల్లేని ఆ ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

1969 వానలు

ఇక ఉపవాసం ఒకే రోజు, ఒకే చోట అని తేల్చుకున్నారు. తేల్చుకున్నాక ఏ రోజన్న దాని మీద మళ్ళీ పేచీ! శుక్రవారమే ఉండాలని బావ, బుధవారం ఎందుకు మార్చాలని క్యాంపువాళ్ళు. అయ్యగారు విసిగిపోయి, "నడుమ గురువారం ఉన్నది, దానికెవ్వరు దిక్కు లేరు, అది పట్టుకోండ్రి" అన్నారు. గురువారం ఖాయమైంది. దానికొక కట్టుబాటు కూడా పెట్టారు. ఉపవాసమున్న ప్రతి ఇల్లూ ఆ పూట తాము తినకుండా మిగిల్చింది ఎస్తేరుకు పెట్టాలి. ఆమె తిన్నాకే ప్రార్థన మొదలు.

మొదటి గురువారం నేను చచ్చినా మర్చిపోను. చర్చి వరండాలో గాలి వచ్చే చోట నాకు పీట వేశారు. వాకిట్లో ఇటు ఊరివాళ్ళు, అటు క్యాంపువాళ్ళు. అందరూ పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ముట్టనివాళ్ళు. నా ముందు విస్తరి నిండా జొన్నరొట్టె, గుడ్డు కూర, ముద్దపప్పు, గోంగూర, గడ్డ పెరుగు. నేను తినాలి, వాళ్ళు చూడాలి. అలా తినమంటే ఎవరికి గొంతు దిగుతుంది చెప్పండి!

"గిదేం తినుడు, పిట్ట లెక్క? ముద్ద పెద్దగ కలుపు" అన్నాడు బావ.

"గోంగూర పుల్లగా ఉందేమో, నెయ్యి వేసుకో" అన్నారు సంతోషమ్మ గారు.

"నెయ్యి ఎందుకు, రొట్టె తినమను. బలం రొట్టెలనే ఉంటది."

"పప్పులో ఉంటుంది బలం."

"మీ ఇద్దరు జెర ఊకుంటరా?" అన్నాను నేను. "ఉపవాసముండి తిండి ముచ్చట పెడితే దేవునికి కోపమొస్తది."

సరిగ్గా అప్పుడే ఎవరిదో కడుపు గుర్రుమంది, అందరికీ వినబడేట్టుగా. ఇక నవ్వు. ముందు ఎటు నుంచి లేచిందో చెప్పలేను. రెండు వైపులా ఒకటే నవ్వు, కళ్ళనీళ్ళు కారేదాకా, పెద్దవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకునేదాకా. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను నవ్వుతూ ఏడుస్తూ విస్తరి మొత్తం ఖాళీ చేశాను. నేను చేయి కడుక్కుని వచ్చేసరికి వాళ్ళు మధ్యలోకి జరిగి కూర్చున్నారు. ఖాళీ చాప లేదు.

గురువారాలు గడిచిన కొద్దీ నా ఒళ్ళు తిరిగొచ్చింది. "ఇంక ఈమెను దవాఖానల కాదు, తమ్మీ, మీ చెరకు కాటా మీద తూయాలె" అని బావ మా ఆయనతో పరాచికమాడేవాడు. జ్వరం రావడం మానేసింది. పొద్దున లేవగానే ఆకలి వేయడం ఎంత గొప్ప సుఖమో అప్పుడు తెలిసింది.

అయ్యగారు పెట్టెలోంచి గిన్నె తీసి బల్ల పెట్టిన ఆదివారం నేను చర్చి బయట కిటికీ దగ్గర కూర్చున్నాను. లోపల మోకరించిన వరుసల్లో ఊరివాళ్ళూ క్యాంపువాళ్ళూ కలిసిపోయి ఉన్నారు. సంతోషంతో నా గుండె నిండింది. కుళ్ళు కూడా పుట్టింది, దాచను. అయ్యగారు ఒక చిన్న గాజు గ్లాసులో రసం పోసుకుని నా కోసం బయటికి తెచ్చారు.

"నాకొద్దయ్యగారూ" అన్నాను. "తాగితే అందరితోని అందరి గిన్నెలనే తాగుత. ఆ దినం వస్తే వస్తది, రాకపోతే లేదు."

అనడమైతే అన్నాను గాని ఇంటికి పోయేదాకా అదే ఆలోచన. నేను బాగైనా, నా తర్వాత ఎవరు తాగుతారు? ప్రేమతో ముద్ద పెట్టడం వేరు, నా ఎంగిలి అంచున పెదవి పెట్టడం వేరు. ఆ అడ్డు ఎవరైనా దాటగలరని నాకు నమ్మకం లేదు.

1970, ఫ్యాక్టరీ పొగగొట్టం ఆగాక

నిజామాబాద్ డాక్టరు ఫోటో వెలుతురుకు పెట్టి చూశాడు. కళ్ళె పరీక్షలు వరుసగా శుభ్రంగా వచ్చాయి. "పిల్లను ఇంటికి తెచ్చుకో. బడికి పో. గోలీలు మాత్రం నేను ఆపమనేదాక మింగు" అన్నాడు. మా ఆయన డాక్టరు కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన వెనక్కి గెంతాడు. నేను మాత్రం కదలలేదు.

"ఇంకేందమ్మా?"

"సార్, మా చర్చిల అందరం ఒక్క గిన్నెల తాగుతం. నేను తాగొచ్చునా?"

ఆయన నవ్వలేదు. కుర్చీలో ముందుకు వంగి చెప్పాడు. "తాగు. ఇప్పుడు నీ దగ్గర ఎవ్వరికి అంటించేది ఏం లేదు. నేను చెప్పిన అని చెప్పు."

ఆ రోజే రూతు ఇంటికి వచ్చింది. నేను చేతులు చాపితే పరుగెత్తుకొచ్చి మెడ పట్టుకుంది. "అమ్మా, ఏంటలా ఏడుస్తున్నావు? ఊరుకో" అంది, అచ్చం గుంటూరు యాసలో. యాకోబు బావ నోరు తెరిచాడు. "ఓరి దేవుడా, మన ఇంట్లనే క్యాంపు పెట్టిండ్రు!" అని దాన్ని లాక్కుని భుజం మీద ఎక్కించుకున్నాడు.

ఆ ఆదివారం నేను ముందే నిశ్చయించుకుని పోయాను. అందరికంటే చివర తాగాలి. నా తర్వాత గిన్నె ఖాళీ చేసేది అయ్యగారే, ఆయనకు తప్పదు, మిగిలినవాళ్ళను ఇబ్బంది పెట్టినట్టు ఉండదు. ఆడవాళ్ళ వరుసలో ఆఖరున, తలుపు పక్కన కూర్చున్నాను.

మగవాళ్ళు తాగి వచ్చారు. ఆడవాళ్ళ వంతు వచ్చింది. అయ్యగారు పిలిచారు. ఒక్కరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు. ముందు వరుసలో కూర్చున్న యాకోబు బావ భార్య, నన్ను చూసి తలస్నానం చేసిన ఆ అక్కే, మెడ తిప్పి నా వైపు చూసింది.

"నీ కోసమే ఆగినం. లే, నువ్వు ముందు పో."

"నేను ఆఖర్ల వస్త అక్కా."

"ఆఖర్ల లేదు, గీఖర్ల లేదు. నువ్వు పోయేదాక మేం లెవ్వం."

అటుచూస్తే క్యాంపు ఆడవాళ్ళు, ఇటుచూస్తే ఊరి ఆడవాళ్ళు, అందరూ నన్నే చూస్తూ బండల్లా కూర్చున్నారు. లేచాను. నడిచాను. మోకరించాను. నా పక్కన బట్టల చప్పుడైంది. చూడకుండానే తెలిసింది, సంతోషమ్మ గారు, ఎప్పటి చోటే.

రొట్టె తిన్నాను. గిన్నె అందుకున్నాను. అయ్యగారు అడుగున చేయి వేసి పట్టుకున్నారు. తాగాను. ఆయన అలవాటుగా తెల్లగుడ్డ తీసి అంచు తుడవబోయారు.

"తుడవక్కర్లేదు అయ్యగారూ" అన్నారు సంతోషమ్మ గారు. "ఇటివ్వండి."

నేను తాగిన చోటే పెదవి పెట్టి తాగారు. ఆవిడ వెనక బావ భార్య. ఆమె కూడా గుడ్డ వద్దంది. ఆమె వెనక క్యాంపు కోడళ్ళు, ఆ వెనక మా ఊరి ముసలమ్మలు. ఆ రోజు ఆడవాళ్ళ వంతులో అయ్యగారి చేతిలోని గుడ్డ మడత విప్పలేదు. చివరావిడ లేచేసరికి పాట ఎత్తమని అందరూ నా వైపు చూశారు. పై చరణంలో గొంతు పగిలింది. పగిలితే పగలనీ అని ఇంకా పైకి ఎత్తాను. ఊరి గొంతులూ క్యాంపు గొంతులూ వెనకనుంచి అందుకున్నాయి.

ఇదీ నా సాక్ష్యం. ఇక కోడలుపిల్లా, ఇది నీకు. నీ సూదులు మొదలయ్యాయి కాబట్టి వచ్చే గురువారం నీ విస్తరి చర్చి వరండాలో సిద్ధంగా ఉంటుంది. సంతోషమ్మ గారికి ఇప్పుడు చూపు మందగించింది గాని గోంగూరలో ఉప్పు తప్పదు. బావ ముద్ద పెద్దగా కలపమంటాడు, విసుక్కోకుండా కలుపు. దగ్గును కొంగులో దాచకు, మందు ఒక్క పూట మానకు. డాక్టరు సరేనన్న ఆదివారం వచ్చి నా పక్కన, నాకంటే ముందు మోకరించు. నీ తర్వాత గిన్నె నాది.